ఇర్మె కాలి కడియం

ఇర్మె ఎడమ కాలికి ఒక కడియం ఉండేది. వెండిది కాదు, పచ్చబొట్టు కడియం. చీలమండకు కాస్త పైన చుట్టూ చుక్కలు, చుక్కల మధ్య సన్నటి గీతలు. చిన్నప్పుడు వాళ్ల అమ్మ లక్మే పక్కన కూర్చుని చేయి పట్టుకుంటే ఏడుస్తూ పొడిపించుకుందట. నాకు ఇర్మె పరిచయమయ్యే నాటికి ఆ కడియంలో సగమే మిగిలింది. తక్కిన సగాన్ని పుండు తినేసింది.

మాది కొంటా, శబరి ఒడ్డున సరిహద్దు ఊరు. బస్టాండుకు ఎదురుగా మా టిఫిన్ హోటల్. మా మామగారి కాలంలో రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఇంట్లో ‘ఏంటి’ అంటాం, బజారులో ‘ఏంది’ అంటాం, జవాన్లు వస్తే ‘క్యా చాహియే’ అంటాం. బోర్డు మీద ‘హరిబాబు టిఫిన్స్’ అని రాసి ఉంటుంది. హరిబాబు మా ఆయన. తెల్లవారకముందే లేచి పిండి రుబ్బేది నేను, పెనం ముందు నిలబడేది నేను, గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరు చదివేది ఆయన. పేరు మాత్రం ఆయనది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. ఊళ్లో అందరికీ నేను హోటలమ్మను. నా అసలు పేరుతో రేషన్ కార్డుకు తప్ప ఎవరికీ పని పడదు.

ఇర్మె దోర్ల తెగ ఆడమనిషి. శబరి ఒడ్డున అడవిని ఆనుకుని ఉన్న పల్లె నుంచి మాకు అడ్డాకు విస్తర్లు తెచ్చేది. సన్నటి వెదురు పుల్లలతో ఆమె కుట్టిన విస్తట్లో సాంబారు పోస్తే చుక్క కిందికి దిగదు. భర్త పోయాడు, కొడుకు మంగల్ మిర్చి కోతలకు నదికి ఆవలి వైపు వెళ్లి వస్తుంటాడు. అడవికి పోయి ఆకు కోసుకోగలిగితేనే ఆమెకు పూట గడిచేది. ఆ అడవిలోనే ఒకసారి వెదురు మోడు కాలికి గీరుకుంది. అప్పటికే ఆ కాలి మీద నరాలు తాళ్లలా మెలికలు తిరిగి ఉబ్బి ఉండేవి. గీరిన చోట పుండు పడింది. పడిన పుండు మానలేదు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. వేపాకు నూరి కట్టమని ఒకరు, పసుపు దట్టించమని ఒకరు, దిష్టి తీయించమని ఒకరు. ఇర్మె అన్నీ చేసింది. ఊళ్లో పూజారి వడ్డె దగ్గర మంత్రం వేయించుకుంది, బజారులో తెల్ల పౌడరు కొని చల్లుకుంది. చలికాలంలో పుండు ఆరినట్టే కనిపించేది, వానలు పడగానే మళ్లీ నోరు తెరిచేది. తెరిచినప్పుడల్లా ముందుకంటే పెద్దదయ్యేది. చివరికి చీము వాసన ఆమెకంటే ముందే వీధిలోకి వచ్చే స్థితికి చేరింది.

వేరే హోటల్ వాళ్లు ఆమె విస్తర్లు మానేశారు. అంగట్లో పక్కన కూర్చునే ఆడవాళ్లు గంపలు జరుపుకున్నారు. వాళ్ల ఊళ్లో పండుగ ఆటకు అందరూ నడుముల చుట్టూ చేతులు వేసుకుని వరస కడితే ఇర్మె దూరంగా కూర్చుని చప్పట్లు కొట్టేదట. మా హోటల్‌కు వచ్చినా ముందు నుంచి రాదు. ఎవరూ పొమ్మనకముందే తనే వెనక గుమ్మం దగ్గరికి పోయి, గిన్నెలు తోమే చోట కూర్చునేది.

మా ఆయన ఒకరోజు మెల్లగా అన్నాడు, “ఆవిడ దగ్గర తీసుకోవడం మానేద్దామే. గిరాకీ చూస్తే బాగుండదు.”

“ఆకు అడవిది, పుల్ల వెదురుది, పుండు కాలిది. విస్తరి కాలితో కుడుతుందా ఏంటి?” అన్నాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇర్మె పుండు కడుక్కునేటప్పుడు ఒకటి గమనించాను. గుడ్డ విప్పగానే ముందు పుండు వైపు చూసేది కాదు. దాని అంచున మిగిలిన నీలం చుక్కలను వేలితో తడుముకునేది. పుండు ఎంత పెరిగిందో కొలుచుకుంటోందని అనుకున్నాను.

ఇంతలో నా కాళ్ల సంగతీ బయటపడింది. ముప్ఫై ఏళ్లు పెనం ముందు నిలబడితే నరాలు ఊరుకుంటాయా. సాయంత్రానికి పిక్కలు రాళ్లయ్యేవి. జగదల్‌పూర్ పెద్దాసుపత్రిలో దేవేంద్ర అనే సర్జన్ నన్ను చిన్న పీట ఎక్కించి నిలబెట్టి, కాలి వెంబడి ఒక మిషన్ రాసి చూశాడు. లోపల రక్తం చేసే చప్పుడు బుస్సుమని వినిపించింది. రక్తం పైకి పోవడానికి నరాల్లో చిన్న తలుపులుంటాయని, అవి చెడిపోతే పైకెక్కిన రక్తం మళ్లీ కిందికి జారి మడమ దగ్గర నిలిచిపోతుందని చెప్పాడు. నాకు బిగుతు మేజోళ్లు రాసిచ్చాడు. బయట బెంచీ మీద నా పక్కన ఒకాయన కాలు చాపుకుని కూర్చున్నాడు. అచ్చం ఇర్మె పుండే, కాకపోతే మానిపోయిన పుండు. ఇర్మె సంగతి చెప్పి డాక్టర్‌ను అడిగాను. “తీసుకురండి, చూద్దాం” అన్నాడు.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకే?” అన్నాడు మా ఆయన, నేను ఇర్మెను జగదల్‌పూర్ తీసుకుపోతానంటే.

“కందకూ ఉంది దురద. చెప్పుకునే నోరే లేదు. నాకుంది” అన్నాను.

నిజానికి ఇర్మెను ఒప్పించడం మా ఆయన్ను ఒప్పించడం కంటే కష్టమైంది. కాలు నరికేస్తారని ఆమె భయం. నరికితే నా కాలు కూడా పక్కన పెట్టి నరకమంటానని చెప్పి బస్సెక్కించాను. దోర్నపాల్ దాటేసరికి మా వెనక సీటు ఖాళీ అయింది. సుక్మా దాటేసరికి ముందు సీటు ఖాళీ అయింది. “హాయిగా ఉందే ఇర్మే, కాలు చాపుకో” అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

దేవేంద్ర ముక్కు మూసుకోలేదు. ఆ ఒక్క సంగతికే నేను ఆయనకు సగం దణ్ణం పెట్టేశాను. కాలు తన ఒళ్లో పెట్టుకున్నంత దగ్గరగా వంగి చూశాడు. “ఇన్నాళ్లూ మీరంతా నేల తుడుస్తున్నారు. నల్లా కట్టేయలేదు” అన్నాడు నాతో హిందీలో. నరం సంగతి చూడకుండా పైపై మందులు ఎన్ని రాసినా ఈ పుండు ఆరదని ఆయన మాటకు అర్థం. ముందు బిగుతు కట్లతో వాపు తగ్గించాలి, పుండు శుభ్రపడాలి, ఆ తర్వాత ఆపరేషన్. అక్కడి నర్సు పూనం కట్టు కట్టడం నాకు నేర్పింది. పాదం వేళ్ల దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా, కింద బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. పూరీ పిండి వత్తే చేతులకు ఆ లెక్క తొందరగానే అందింది. వానాకాలమంతా మా వెనక గుమ్మం దగ్గర కూర్చోబెట్టి నేనే కట్టాను. వాసన తగ్గింది. పసుపుపచ్చగా ఉండే పుండు ఎర్రబడింది. అయినా పూడలేదు.

దసరా వెళ్లాక మళ్లీ పోయి వార్డులో చేరాం. ఆయుష్మాన్ కార్డు ఉంది కాబట్టి ఖర్చు గొడవ లేకపోయింది. రేపు ఆపరేషన్ అనగా దేవేంద్ర వచ్చి వివరంగా చెప్పాడు, నేను మన మాటల్లో ఇర్మెకు చెప్పాను. చెడిపోయిన నరాన్ని గజ్జ దగ్గర కట్టేసి బయటికి లాగేస్తారు. పుండు పెద్దది కాబట్టి తొడ మీద నుంచి పలచగా తోలు తీసి దాని మీద పరుస్తారు. “ఏడ తీస్తరు?” అంది ఇర్మె. ఆయన మోకాలికి పైన తొడ ముందు భాగం చూపించాడు. ఇర్మె ఇంకేం అడగలేదు. ఒప్పుకుందనుకున్నాను.

పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ.

పూనం వార్డంతా వెతికింది. నాకు మాత్రం ఎక్కడికి పోయుంటుందో తెలుసు. గేటు బయట సుక్మా బస్సులు ఆగే చోట, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కట్టు కట్టిన కాలు మట్టిలో ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏందే ఇర్మే, చెప్పకుండా వచ్చేశావు? అక్కడ డాక్టర్ కత్తి నూరుకుని నీ కోసం కూర్చున్నాడు” అన్నాను. కోపంలో ఏ మాట ఎప్పుడనాలో నాకు తెలియదు.

“నరం తియ్యమను హోటలమ్మా, ఇస్త. తొడ మీద తోలు మాత్రం ఇయ్య.”

“నొప్పి తెలియకుండా వెన్నులో సూది వేస్తారే.”

“నొప్పికి కాదు.” అటూ ఇటూ చూసి చీర కొంచెం పైకి జరిపింది. మోకాలి పైన బారులు బారులుగా నీలం చుక్కలు. “కింద కడియం పాయె. ఇదన్న ఉండాలె. ఇది గూడ పోతే అమ్మ నన్నెట్ల గుర్తుపడతది?”

వాళ్ల అమ్మ లక్మే పోయి ఎన్నేళ్లయిందో. అప్పుడు విషయం బయటికొచ్చింది. మనిషి పోయాక చీర ఇక్కడే ఉంటుంది, వెండి ఇక్కడే ఉంటుంది, పచ్చబొట్టు ఒక్కటే వెంట వస్తుందని వాళ్ల నమ్మకం. ముందు పోయినవాళ్లు దాన్ని చూసే మనవాళ్లని పోల్చుకుంటారట. ఒకే రోజున, ఒకే మనిషి చేత తల్లీ కూతుళ్లకు ఒకే రకం కడియం పొడిపించింది లక్మే. ఇన్నాళ్లూ ఆ కడియం చుక్కా చుక్కా కరిగిపోతుంటే ఇర్మె ఎవరికీ చెప్పుకోకుండా తడుముకుంటూ కూర్చుంది. నేనేమో పుండు కొలుచుకుంటోందనుకున్నాను.

“చచ్చాక సంగతి ఇప్పుడెందుకే? ముందు బతుకు.”

“బతికేది కొన్నాళ్లే హోటలమ్మా. ఆడ ఉండేది ఎంతకాలమో ఎవలకెరుక?”

మా అత్తగారు పోయినప్పుడు ఆవిడ చేతి బంగారు గాజులు రాకపోతే కోసి తీశారు. అది గుర్తొచ్చింది. ఇర్మె చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికేముంది? పక్కనే కూర్చుని రెండు చాయ్ చెప్పాను.

“తోలు ఒంటి మీద ఇంకెక్కడి నుంచైనా తియ్యొచ్చేమో అడుగుదాం. కుదరదంటే నేనే బస్సెక్కిస్తా” అన్నాను. చాయ్ తాగి లేచింది.

నా హిందీ హోటల్ హిందీ. ఇడ్లీ వడ గురించైతే ఎంతైనా మాట్లాడతాను. చచ్చినవాళ్లు బతికున్నవాళ్లను పోల్చుకునే సంగతి అందులో చెప్పడానికి చెమటలు పట్టాయి. దేవేంద్ర చివరిదాకా విన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు. “మా నానమ్మ చేతుల మీదా గోద్నా పచ్చబొట్లు ఉండేవి” అన్నాడు. తోలు తొడ పక్క నుంచి తీసుకోవచ్చని, చుక్కల జోలికి పోనవసరమే లేదని చెప్పాడు. ముందే ఎవరైనా చెప్పుంటే అలాగే చేసేవాళ్లమన్నాడు.

గొడవ వదిలిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇర్మె మాత్రం ఏదో ఆలోచిస్తోంది.

“ఈ తోలు ఆడ బతుకుతదా?” అంది.

“బతుకుతుందట.”

“అట్లయితే చుక్కలున్న తోలే తియ్యమను. కడియం పోయిన కాడ పెట్టమను.”

నేను ఆ మాట చెప్పగానే దేవేంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇర్మె తొడ మీది తోలును వేళ్ల మధ్య పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తీసేది ఉల్లిపొర కంటే కాస్త మందం, అంతే. పచ్చబొట్టు రంగు లోపలిదాకా ఉంటుంది. కాబట్టి కొంత రంగు తోలుతో వస్తుంది, కొంత తొడ మీదే ఉండిపోతుంది. ఎంత వస్తుందో మాట ఇవ్వలేనన్నాడు. మామూలుగా తోలుకు జల్లెడలా చిల్లులు పెట్టి సాగదీస్తారట. అలా చేస్తే చుక్కలు చెదిరిపోతాయి కాబట్టి సాగదీయకుండా పరుస్తానని, నీరు దిగడానికి చిన్న గాట్లు మాత్రం తప్పవని చెప్పాడు. “కానీ ముందు పుండు మానాలి, ఆ తర్వాతే చుక్కలు. ఈ వరస మారదు” అన్నాడు గట్టిగా.

ఇదంతా ఇర్మెకు చెప్పాను. ఆమె కాసేపు లెక్క వేసుకుంది.

“కొంత ఈడ ఉంటది, కొంత ఆడికి పోతది. అంటే రెండు తావుల్ల ఉంటదన్నట్టు. మరింకేంది?”

నేను తర్జుమా చేసేలోపే దేవేంద్రకు అర్థమైనట్టుంది. అప్పుడు నవ్వాడు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చున్నాను. కూర్చోవడం నాకు అలవాటు లేని పని. దంతేశ్వరి తల్లికి మొక్కుకున్నాను. ఏం మొక్కుకున్నానో ఇక్కడ రాయను, మా ఆయన చదివితే నా మీద దండెత్తుతాడు. లోపల జరిగింది తర్వాత పూనం చెప్పింది. నడుము కింద మొద్దుబారినా ఇర్మె మెలకువగానే ఉందట. వచ్చీరాని హల్బీ భాషలో పూనంను మాటిమాటికీ “చుక్కలు వచ్చినయా?” అని అడుగుతూనే ఉందట. తోలు తీశాక దేవేంద్ర దాన్ని చిన్న పలక మీద పరిచి, పుండు మీద పెట్టేముందు, ఆమె కళ్లకు కనపడేలా పట్టుకున్నాడట. తడి కాగితం లాంటి తోలులో నీలం చుక్కలు. ఇర్మె చూసి కళ్లు మూసుకుని, ఇక మాట్లాడలేదట. ఆయన ఆ పని చేయనక్కర్లేదు. చేశాడు. ఆ మనిషి కడుపు చల్లగా ఉండాలని ఆరోజు నుంచి నేను రోజూ అనుకుంటాను.

కొన్నాళ్లకు కట్టు విప్పారు. పూనం ఉప్పునీళ్లతో తడిపి తడిపి ఒక్కో పొర లేపింది. ఆఖరి పొర లేచేసరికి కింద తోలు ఊదారంగులో తడిగా మెరుస్తూ కనిపించింది. దేవేంద్ర వేలితో మెల్లగా నొక్కి వదిలాడు. తెల్లబడి మళ్లీ రంగొచ్చింది. “పట్టింది” అన్నాడు. కింది అంచున ఒక మూల మాత్రం పట్టలేదు. అది మానడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. కానీ మధ్యలో, పాత కడియం ఉండే చోట, ఏటవాలుగా నీలం చుక్కల బారు. కొన్ని పలచగా, కొన్ని గట్టిగా. ఇర్మె తాకబోయి పూనం వద్దంటే ఆగి, వేలు గాలిలోనే ఆ బారు వెంట నడిపింది. ఆ తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు చూసి పక్క మంచం ఆవిడ ఆపరేషన్ చెడిపోయిందేమోనని కంగారు పడింది.

ఇదంతా అయ్యాక కొంటా వచ్చి ఇర్మె చేసిన ఘనకార్యం ఒకటుంది. జీవితాంతం పగలంతా బిగుతు మేజోడు వేసుకోవాలని డాక్టర్ చెప్పి పంపాడు. ఇర్మె అంగట్లో మేజోడు మడమ కిందికి లాగేసి, కాలు బజారులోకి చాపి కూర్చుంది. వచ్చినవాళ్లందరికీ చుక్కలు చూపిస్తోంది. గంపలు జరుపుకున్న ఆడవాళ్లే వంగి వంగి చూస్తున్నారు. సాయంత్రానికి కాలు వాచింది. నేను తిట్టిన తిట్లు బస్టాండు అవతలికి వినిపించాయని మా ఆయన అంటాడు. చివరికి ఒప్పందానికొచ్చాం. రాత్రి పడుకున్నాక తీసి, కాలు ఎత్తు మీద పెట్టుకుని చూసుకోవచ్చు, ఎవరికైనా చూపించుకోవచ్చు. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి. ఇప్పటిదాకా ఆ మాట తప్పలేదు.

ఇప్పుడు అడవికి పోతోంది, ఆకు తెస్తోంది. ఈ ఏడు విత్తనాల పండుగకు వాళ్ల ఆడవాళ్లు రోడ్డుకు తాడు అడ్డం కట్టి చందా అడుగుతుంటే, మా ఆయన స్కూటరును ఆపి తాడు పట్టుకున్న మొదటి మనిషి ఇర్మె. ఆ రోజు ఆట వరసలో ఆమె నడుము చుట్టూ రెండు పక్కల నుంచీ చేతులున్నాయని ఆయనే వచ్చి చెప్పాడు. మనిషి మంచివాడే, కాకపోతే కొంచెం ఆలస్యం.

మొన్న మధ్యాహ్నం హోటల్ ముందు బెంచీ మీద కూర్చుని విస్తర్లు కుడుతోంది. వెనక గుమ్మం వైపు పోవడం ఎప్పుడో మానేసింది. పుల్ల గుచ్చుతూ ఏదో గొణుగుతోంది.

“ఏందే, మంత్రమా?” అన్నాను పెనం దగ్గర నుంచి.

“డాక్టర్ పేరు. దేవేంద్ర, దేవేంద్ర. మరిచిపోతనేమోనని.”

“ఆయన పేరు నీకెందుకే?”

“అమ్మ అడుగుతది గద. గుండ్రంగ పొడిపించి పంపితి, ఏటవాలు ఎట్లయిందే అని. ఎవలు బాగుచేసిన్రంటే పేరు చెప్పాలె గద. కట్టు విప్పింది పూనం, అదీ చెప్పాలె.” అని, చేతిలో పుల్ల ఆపి నా వైపు చూసింది. “ఇన్నేండ్ల సంది హోటలమ్మ హోటలమ్మ అనే అంటి. నన్ను బస్సెక్కించి తీస్కపోయింది ఎవలంటే ఏం చెప్పాలె? నీ పేరేంది?”

మా ఆయన పేపరు దించాడు.

“అన్నపూర్ణ” అన్నాను. స్టవ్ తగ్గించి, బయటికి వచ్చి, ఆమె పక్కన కూర్చుని మళ్లీ చెప్పాను.

“దేవేంద్ర, పూనం, అన్నపూర్ణ” అంది ఇర్మె. ఇంకోసారి అంది. విస్తరి పక్కన పెట్టి ఇంకో ఆకు తీసుకుంది.